గట్టు మీద చెట్లెవరివి? విదేశీ స్కూలు జీతం బేరం గురించి

మా వైపు చేను కౌలుకి మాట్లాడుకునేటప్పుడు ముందు తేలేది బస్తాలు. ఎకరానికి ఇన్ని అని అంకె కుదరగానే కొత్తగా సేద్యంలోకి దిగినవాడు సంబరంగా లేచిపోతాడు. పాతకాపు లేవడు. గట్టు మీద కొబ్బరిచెట్ల కాయ ఎవరిది? గడ్డి ఎవరిది? రెండో పంట దాళ్వాకి కాలవ కట్టేస్తే మక్తా తగ్గిస్తారా, అదే ఇవ్వమంటారా? బోదె పూడిక తీయించే కూలి ఎవరు పెట్టుకోవాలి? అసలు బేరమంతా అక్కడుంటుంది. బస్తాల అంకె అరుగు మీద చెప్పుకోడానికే.

విదేశాల్లో స్కూలు టీచరు జీతం మాట్లాడుకోవడం కూడా ఇంతే. నేను నష్టపోయి నేర్చుకున్నాను. గల్ఫులో పదకొండేళ్లు ఇంగ్లీషు చెప్పి, పాలకొల్లు దగ్గర మా ఊరు తిరిగొచ్చినవాణ్ణి. మొదటి స్కూల్లో చేరేటప్పుడు నెలకెంత అని అడిగానే గాని ఏడాదికి ఎన్ని నెలలు అని అడగలేదు. జులై వచ్చింది, స్కూలు మూశారు, బ్యాంకులో డబ్బు పడలేదు. అకౌంట్స్ కుర్రాడు కాంట్రాక్టు నా వైపు తిప్పి ఒక లైను మీద వేలు పెట్టాడు. పది నెలల జీతం. సంతకం నాదే.

పోయిన డిసెంబరులో మా మేనకోడలికి దుబాయ్‌లో ఒక ఇండియన్ సిలబస్ స్కూలు నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. ఎమ్మే ఇంగ్లీషు, బీఎడ్, భీమవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ల సర్వీసు, నెలకి ఇరవైనాలుగు వేలు. ఫోను పట్టుకుని స్కూటీ మీద వచ్చేసింది. "మావయ్యా, నాలుగు వేల రెండొందల దిర్హాములండి. లక్ష దాటింది!" దిర్హం ఇరవైనాలుగు రూపాయల లెక్కన నిజంగానే లక్షా ఎనిమిదొందలు. వాళ్లమ్మ అప్పటికే పరమాన్నం చేసేసిందట. సాయంత్రానికి సంతకం పెట్టి పంపేయాలని తొందర. "కూర్చోమ్మా" అని, రైసుమిల్లు బిల్లు ఒకటి తిరగేసి పెన్సిలు తీశాను.

వీజా కొనేవాళ్ల ఊళ్లోంచి

లెక్కలోకి వెళ్లేముందు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ల బేరం చెడేది ముందు ఇక్కడే. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో దుబాయ్‌కో వెళ్లినవాళ్లు లేని వీధి దాదాపు ఉండదు. ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు. వాళ్ల కష్టం మీద ఈ డెల్టాలో ఎన్ని శ్లాబులు లేచాయో అందరికీ తెలుసు. ఆ అనుభవం మనకొక భాష నేర్పింది. "వీజా దొరికింది", "వీజా ఎంతకి తీసుకున్నావు?", "అకామా కొట్టించడానికి ఎంతయ్యింది?" (అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్.) ఈ మాటల్లో ఉద్యోగం ఒక సరుకు, మనం కొనుక్కునేవాళ్లం. కొనేవాడు బేరమాడితే ధర తగ్గించమని ఆడతాడు. జీతం పెంచమని అడిగే ఆలోచన అతనికి రాదు.

టీచరు ఉద్యోగంలో సరుకు మనది. తొమ్మిదో తరగతి పిల్లల చేత వ్యాసం రాయించగలిగిన మనిషి వాళ్లకి కావాలి, వెతుక్కుంటూ వచ్చారు. ఈ తేడా ఒంటబట్టకపోతే ఎన్ని చిట్కాలు చెప్పినా ఇంటర్వ్యూలో "సార్, మీరెంతిచ్చినా పర్లేదు సార్" అనే మాటే నోట్లోంచి వస్తుంది. అదే అనేసిన ఎమ్మేలని నేను చూశాను.

చట్టం కూడా టీచరు పక్షానే ఉంది. దుబాయ్ ఉన్న యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునే ఖర్చులు యాజమాన్యమే భరించాలి, నేరుగా గాని చుట్టు తిప్పిగాని ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. ఇక్కడ మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. ఆ పైన అడిగే ప్రతి రూపాయీ అక్రమమే. ఏజెంటు అసలు వాడో కాదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. మన ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లు అందులో కనపడరు. విజిట్ వీజా మీద ముందు ఎక్కేసి తర్వాత మార్చుకుందాం అనేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి.

జీతం మీ గొప్పని బట్టి కాదు

మంచి టీచరుకి మంచి జీతం వస్తుందనుకుంటాం. కొంతవరకే నిజం. ఏ స్కూలు ఎంతివ్వగలదో ముందు నిర్ణయించేది పిల్లల ఫీజు. తర్వాత మీ పాస్‌పోర్టు. మీ ప్రతిభ మూడో స్థానం.

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్ల మీద అజమాయిషీ కేహెచ్‌డీఏ అనే సంస్థది. ప్రతి స్కూలు ఫీజుల పట్టికా, తనిఖీ నివేదికలూ తన సైటులో పెడుతుంది. ఫీజులు పెంచుకోవాలన్నా దాని అనుమతి కావాలి. అందుకే ఆఫర్ వచ్చిన రోజు చేయాల్సిన మొదటి పని ఆ స్కూలు ఫీజు చూడటం. తొమ్మిదో తరగతికి ఏడాదికి 9,000 దిర్హాములు ఫీజనుకుందాం, సెక్షనులో ముప్ఫై మంది. మొత్తం 2,70,000. మా అమ్మాయికి ఇస్తానన్నది ఏడాదికి 50,400. ఒక సెక్షనుకి ఐదారుగురు టీచర్లు పాఠాలు చెబుతారు, ఆవిడ ఐదారు సెక్షన్లకి చెబుతుంది, అంటే స్థూలంగా ఒక టీచరుకి ఒక సెక్షను ఫీజు. అందులోంచే భవనం అద్దె, బస్సులు, కరెంటు, యజమాని లాభం. ఈ స్కూలు దగ్గర పదివేల దిర్హాములు అడిగితే నవ్వుతారు. ఐదు వేలు అడిగితే ఆలోచిస్తారు. అదే ఊళ్లో బ్రిటిష్ సిలబస్ స్కూలు ఫీజు ఇంతకి నాలుగైదు రెట్లు ఉండొచ్చు, జీతాలూ దానికి తగ్గట్టే ఉంటాయి. కానీ అక్కడ బ్రిటన్‌లో శిక్షణ పొందినవాళ్లకే మొదటి పీట.

పాస్‌పోర్టు సంగతి మింగుడుపడటం కష్టం గాని తెలియకుండా ఉండటం ఇంకా నష్టం. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు చెప్పడానికిచ్చే ఈ-2 వీజా ప్రధానంగా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకొచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల టీచింగ్ అర్హత ఉన్న మనవాళ్లకి సహాయక టీచర్లుగా చిన్న కిటికీ తెరుచుకుంది. ఇంగ్లండ్ 2023 ఫిబ్రవరిలో తన టీచరు అర్హతని బయటి దేశాల టీచర్లకి తెరిచినప్పుడు భారత్ లాంటి కొన్ని దేశాల వాళ్లకి లెక్కలు, సైన్సు, విదేశీ భాషలు చెప్పేవాళ్లనే రమ్మంది. ఇంగ్లీషు టీచర్లని కాదు. ఇంగ్లీషు దేశానికి మన ఇంగ్లీషు అక్కర్లేదన్నమాట. ఎంత చెడ్డా న్యాయమే అనుకోండి, పూతరేకులు చేయడానికి ఆత్రేయపురం ఎవర్నీ బయటినుంచి పిలవదు కదా.

ఇదంతా ఎందుకంటే, బేరం మొదలెట్టేముందు ఎవరితో పోల్చుకోవాలో తెలియాలి. అదే స్కూల్లో పనిచేసే ఐరిష్ టీచరు జీతం మీకు కొలబద్ద కాదు. అదే సిలబస్, అదే ఫీజు ఉన్న పక్క స్కూల్లో మీ అంత అనుభవం ఉన్న ఇండియన్ టీచరు ఎంత తెచ్చుకుంటోందో అదీ కొలబద్ద. అది తెలుసుకోడానికి వాట్సప్‌లో నలుగుర్ని కదిపితే చాలు. జీతాలు చెప్పుకోవడం మొహమాటమంటారు గాని, రొయ్య ఏ కౌంటుకి (కేజీకి ఎన్ని తూగితే) ఎంత పలికిందో చెరువు గట్టున అందరూ చెప్పుకుంటారు. లేకపోతే కొనేవాడు ఎంతంటే అంతే.

అమెరికా దారి వేరు. జే-1 వీజా మీద ఎక్స్‌చేంజ్ టీచర్లుగా వెళ్లేవాళ్లకి మూడేళ్లు, ఆపైన రెండేళ్ల దాకా పొడిగింపు ఉంటుంది. జీతం స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్ పట్టిక ప్రకారం, అక్కడి టీచర్లతో సమానంగా. పట్టిక మారదు, దాని మీద బేరం లేదు. కానీ ఆ పట్టికలో మిమ్మల్ని ఏ మెట్టు మీద నిలబెడతారన్నది మారుతుంది. తొమ్మిదేళ్ల సర్వీసుకి ప్రతి ఏడాదికీ సర్వీసు సర్టిఫికెట్ ఉంటే తొమ్మిదో మెట్టు దాకా అడగొచ్చు. లేకపోతే మొదటి మెట్టే. మన ప్రైవేటు స్కూళ్లు మానేసేటప్పుడు సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎంత తిప్పుతాయో తెలిసిందే. పాత స్కూళ్ల చుట్టూ ఇప్పుడే తిరగండి, ఆఫర్ వచ్చాక కాదు.

రైసుమిల్లు బిల్లు వెనక లెక్క

మళ్లీ మా అరుగు మీదకి. అమ్మాయి ఆఫరులో 4,200 ఎలా విడగొట్టారో చూశాం. బేసిక్ 1,700. ఇంటి అద్దె 1,500. రవాణా 500. "ఇతరములు" 500. స్కూలు వీజా ఖర్చు పెట్టుకుంటుంది. విమానం టికెట్ రెండేళ్లకోసారి. సర్టిఫికెట్లు అసలైనవేనని ముద్రలు వేయించే అటెస్టేషన్ ఖర్చు టీచరుదే.

"మొత్తం అదే కదండి మావయ్యా, ఎలా విడగొడితే ఏంటి?" అంది. తొమ్మిదేళ్లుగా ఆవిడ స్కూల్లో జీతం కవర్లో పెట్టిచ్చేవారు. విడివిడి లెక్క ఎప్పుడూ చూడలేదు.

యూఏఈలో ఉద్యోగం మానేసేటప్పుడిచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీద కడతారు. ఏడాది సర్వీసు నిండాక మొదటి ఐదేళ్లకి ఏడాదికి ఇరవై ఒక్క రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి ముప్ఫై రోజుల బేసిక్, మొత్తం మీద రెండేళ్ల వేతనం దాటకుండా. 1,700 బేసిక్ అయితే ఏడాదికి 1,190 దిర్హాములు. ఐదేళ్లకి 5,950. అదే బేసిక్ 2,500 అయితే ఏడాదికి 1,750, ఐదేళ్లకి 8,750. తేడా 2,800, మన లెక్కలో 67 వేల పైన. చేతికొచ్చే నెల జీతంలో ఒక్క దిర్హాం పెరగకుండా. ఆపైన ఏటా ఇచ్చే ఇంక్రిమెంటు బేసిక్ మీద శాతమే అయితే ఆ తేడా కూడా కలుస్తుంది. యాజమాన్యాలు బేసిక్‌ని ఎందుకు కుదిస్తాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. గట్టు మీద చెట్లంటే ఇవే.

దేశానికో లెక్క ఉంటుంది, ఒకచోటి లెక్క ఇంకోచోట చెప్పి భంగపడకండి. సౌదీలో మొదటి ఐదేళ్లకి ఏడాదికి సగం నెల, తర్వాత ఏడాదికి నెల. కానీ రెండేళ్లు నిండకుండా మీరే రాజీనామా చేస్తే ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య అయితే మూడోవంతు, ఐదు దాటి పదిలోపు అయితే మూడింట రెండొంతులు. రెండేళ్లకి తిరిగొచ్చేద్దామనుకునేవాళ్లు రెండేళ్లు నిండాయో లేదో రోజులు లెక్కపెట్టుకోవాలి.

తర్వాత నేను అడిగినవి: ఏడాదికి ఎన్ని నెలల జీతం? ఏప్రిల్లో చేరితే మొదటి వేసవికి పూర్తి జీతమా, పనిచేసిన నెలల వంతునా? వారానికి ఎన్ని పీరియడ్లు, రాని టీచర్ల పీరియడ్లు ఎన్ని వేస్తారు? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? పిల్లాడు పెద్దయ్యాక అదే స్కూల్లో చేరితే ఫీజులో ఎంత తగ్గిస్తారు? ఆఖరి ప్రశ్నకి అమ్మాయి నవ్వింది, వాడికింకా రెండేళ్లు. కానీ ఇద్దరు పిల్లలున్న టీచరుకి జీతం కంటే ఆ ఫీజు రాయితీయే పెద్దది. స్కూలుకి అది చేతినుంచి పెట్టే డబ్బు కాదు, ఖాళీగా ఉండే కుర్చీ. అందుకే నగదు అడిగితే గింజుకునే యాజమాన్యం ఫీజు రాయితీ అడిగితే తలూపుతుంది.

అటెస్టేషన్ సంగతి తేలిగ్గా తీసుకునే ఖర్చు కాదు. డిగ్రీ, బీఎడ్ కాగితాలు ముందు రాష్ట్రంలో, తర్వాత విదేశాంగ శాఖ దగ్గర, ఆ తర్వాత యూఏఈ ఎంబసీలో ముద్రలు వేయించుకోవాలి. సౌదీకి 2022 డిసెంబరు నుంచి అపోస్టీల్ ముద్ర (ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఒప్పుకునే ముద్ర) చెల్లుతోంది గనక ఎంబసీ తిరుగుడు తప్పింది. యూఏఈకి తప్పలేదు. ఈ ఖర్చు రసీదులు చూపిస్తే ప్రొబేషన్ అయ్యాక ఇవ్వమని అడగడం ఏ స్కూలుకీ వింతగా అనిపించదు. డిగ్రీ కరస్పాండెన్సులో చేసినవాళ్లు మాత్రం ఈ ఖర్చు పెట్టకముందే ఆ దేశంలో అది చెల్లుతుందో లేదో స్కూలు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

భర్త వీజా మీద ఉన్నవాళ్ల కథ

మన వైపు నుంచి గల్ఫు స్కూళ్లలో చేరే ఆడవాళ్లలో చాలామంది ముందు భర్తతో వెళ్లి, అక్కడే ఉద్యోగం వెతుక్కున్నవాళ్లు. వీళ్లని "లోకల్ హైర్" అంటారు. పక్క బల్ల దగ్గర కూర్చుని అదే తరగతికి చెప్పే టీచరు ఇండియా నుంచి రప్పించినావిడైతే ఆవిడకి ఇల్లో అద్దె డబ్బో, టికెట్టో ఉంటాయి. ఈవిడకి ఉండవు. "మీ ఆయన కంపెనీ ఇల్లిచ్చింది కదా" అంటారు.

ఇందులో తర్కం కొంత ఉంది, ఎక్కువ లేదు. భర్త వీజా మీద ఉన్న టీచరుకి స్కూలు రెసిడెన్సీ వీజా ఖర్చు పెట్టదు, వర్క్ పర్మిట్ ఒకటి తీసుకుంటే చాలు. టికెట్ పెట్టదు. ఇల్లు వెతికే పని లేదు. రేపొద్దున్నే క్లాసుకి రాగలదు. ఏడాది మధ్యలో ఒక టీచరు మానేస్తే ప్రిన్సిపాల్‌కి ఇంతకంటే వరం లేదు. ఇన్ని మిగులుస్తున్న మనిషి తక్కువ జీతం తీసుకోవడానికి కారణం ఒక్కటే, అడగకపోవడం. మా కొలీగ్ ఒకావిడ, తణుకు వైపు మనిషి, అద్దె బదులు నెలకి నాలుగొందలు అదనంగా ఇవ్వండి, మీకు మిగిలినదాంట్లో సగం కూడా కాదు అని లెక్క రాసి చూపించింది. మూడొందలు ఇచ్చారు. అంతకుముందు ఐదేళ్లు అదే స్కూల్లో ఎవరూ అడగలేదట.

ట్యూషన్లు చెప్పుకుని సర్దుకుందాంలే అని జీతం దగ్గర తగ్గేవాళ్లూ ఉన్నారు. యూఏఈ 2023 డిసెంబరులో ప్రైవేటు ట్యూషన్లకి పర్మిట్ విధానం తెచ్చింది. పర్మిట్ లేకుండా చెప్పడం నేరం. తర్వాత వస్తుందనుకునే ట్యూషను డబ్బుని జీతం బేరంలోకి తేకండి.

ఏ డబ్బులో ఇస్తారు

ఈ సంగతి మనవాళ్లు ఇంచుమించు పట్టించుకోరు. దిర్హం 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది. సౌదీ రియాల్ 3.75. అంటే గల్ఫు జీతం రూపాయల్లో పెరుగుతోందంటే స్కూలు పెంచినట్టు కాదు, రూపాయి తగ్గినట్టు. 2014లో దిర్హం పదహారున్నర ఉండేది. అప్పుడు నాలుగు వేల దిర్హాములంటే అరవై ఆరు వేలు, దిర్హం ఇరవైనాలుగయ్యేసరికి తొంభై ఆరు వేలు. ఇంట్లో వాళ్లకి జీతం ఒకటిన్నర రెట్లయింది. అక్కడ ఇంటి అద్దె దిర్హాముల్లోనే కట్టాలి, ఆ నాలుగు వేలు నాలుగు వేలే. స్కూళ్లు ఏళ్ల తరబడి అదే అంకె మీద కూర్చున్నా ఎవరూ గట్టిగా అడగకపోవడానికి ఈ కనికట్టే కారణమని నా అనుమానం. అందుకే బేరమాడేటప్పుడు రూపాయల్లోకి మార్చి ఆలోచించకండి. ఇంటికి పంపేదొక్కటే రూపాయల్లో లెక్కపెట్టండి.

మాల్దీవుల్లో కథ ఇంకోరకం. అక్కడ స్కూళ్లలో మన దేశపు టీచర్లు చాలామంది. జీతం రుఫియాల్లో వస్తుంది. డాలరుకి 15.42 అన్న అధికారిక రేటుంది గాని ఆ రేటుకి డాలర్లు దొరకడం కష్టం, ఇంటికి పంపడానికి బ్యాంకులు నెలకి ఇంతే అని హద్దు పెడతాయి. ఇతియోపియాలో 2024 జులై చివర్లో తమ కరెన్సీ బిర్‌ని మార్కెట్‌కి వదిలేశారు, నెలల్లోనే విలువ సగానికి పడింది. డాలర్లలో జీతం రాయించుకున్నవాడు నిలబడ్డాడు, బిర్‌లో రాయించుకున్నవాడు కూలబడ్డాడు. కాంట్రాక్టులో ఏ కరెన్సీ, ఏ రేటుకి అన్న రెండు మాటలు రాయించుకోవాలి.

ఆదాయపన్ను గురించి ఒక్క మాట. ఉద్యోగం కోసం దేశం విడిచిన ఏడాదిలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే ఆ ఏడాదికి ఎన్నారైగా లెక్క, అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను పడదు. గల్ఫులో ఇండియన్ సిలబస్ స్కూళ్లు ఏప్రిల్లో, మిగతా సిలబస్‌లవి ఆగస్టు చివర్లో తెరుస్తారు, రెండింటికీ ఇబ్బంది లేదు. సెప్టెంబరు నెలాఖరు తర్వాత, ఏడాది మధ్యలో రమ్మంటేనే చూసుకోవాలి.

ఎప్పుడు నోరు తెరవాలి

ఇంటర్వ్యూలో "ఇప్పుడెంత వస్తోంది?" అని అడుగుతారు. ఇది వల. మా అమ్మాయి ఇరవైనాలుగు వేలు అని చెబితే అవతలివాడికది వెయ్యి దిర్హాములు. నాలుగు వేల రెండొందలు నాలుగు రెట్లు ఎక్కువిస్తున్నట్టు వాడికీ ఉంటుంది, ఈవిడకీ ఉంటుంది. భీమవరం జీతానికీ దుబాయ్ అద్దెకీ పొత్తేంటి? అబద్ధం చెప్పక్కర్లేదు. ఇక్కడి జీతం ఇక్కడి ఖర్చులకి తగ్గది, మీ స్కూల్లో ఈ పోస్టుకి ఎంత నుంచి ఎంత ఇస్తున్నారో చెబితే మాట్లాడుకోడానికి వీలుగా ఉంటుంది అంటే సరిపోతుంది. నూటికి డెబ్భై మంది హెచ్చార్‌లు అంకె చెప్పేస్తారు, ఇది నా అంచనా మాత్రమే.

నోరు తెరవాల్సిన వేళ ఒకటుంది. రాతపూర్వకంగా ఆఫర్ వచ్చాక, మీరు సంతకం పెట్టకముందు, ఇక్కడి స్కూలుకి రాజీనామా ఇవ్వకముందు. ఆఫరుకి ముందు అడిగితే ఆశపోతని అంటారు. సంతకం అయ్యాక ఆలకించరు. ఇక్కడ రాజీనామా ఇచ్చేశామని వాళ్లకి తెలిస్తే ఇక మీకు బేరమే లేదు. ఏప్రిల్లో తెరిచే స్కూళ్లు జనవరి నెలాఖరుకి కంగారులో పడతాయి, టీచర్ల నోటీసులు అప్పుడే వస్తాయి వాళ్లకి.

అడిగేదంతా ఒక్క ఉత్తరంలోనే అడగాలి. ఇవాళ బేసిక్, ఎల్లుండి టికెట్, ఆదివారం అటెస్టేషన్ అని విడతలుగా అడిగితే విసుగొస్తుంది. ముందు చేరడానికి ఇష్టమే అని చెప్పి, తర్వాత కావలసినవి, ప్రతిదాని పక్కనా కారణం. వాటిలో ఒకటి వదులుకోడానికి సిద్ధంగా పెట్టుకోవాలి. చేపల మార్కెట్లో పండుగొప్ప బేరమాడే మా అక్క ఈ విద్యలో ఎవరికీ తీసిపోదు, కానీ కూతురి ఉద్యోగం అనేసరికి "ఎక్కువడిగితే పోతుందేమోరా" అని గొణిగింది. పోదు. మర్యాదగా ఒకసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న స్కూలు నాకు తెలిసి ఒక్కటే, అందులో చేరనందుకు ఆ టీచరు ఇప్పటికీ సంతోషిస్తోంది.

ఆ ఉత్తరం ఇద్దరం కలిసి రాశాం. అంటే, ఆవిడ ఇంగ్లీషే నాకంటే బావుంది, నేను అడ్డొచ్చానంతే. మొత్తం 4,500 చేయమని, అందులో బేసిక్ 2,500 ఉండాలని, టికెట్ ఏటా ఇవ్వమని, అటెస్టేషన్ డబ్బులు ప్రొబేషన్ అయ్యాక ఇవ్వమని. ఏడాదికి పన్నెండు నెలల జీతమన్న మాట కాంట్రాక్టులో స్పష్టంగా రాయమని. ప్రతిదానికీ ఒక వాక్యం కారణం. బోర్డు పరీక్షల తరగతులకి తొమ్మిదేళ్లుగా చెబుతున్న సంగతి మొదటి లైనులో.

రోజులు గడిచినా జవాబు లేదు. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

భోగినాడు పొద్దున్న వచ్చింది. మొత్తం 4,400. బేసిక్ 2,400, "ఇతరములు" అన్న గడి ఎత్తేశారు. టికెట్ ఏటా. అటెస్టేషన్‌లో సగం. పన్నెండు నెలల మాట రాశారు. వేసవి జీతం మొదటి ఏడాది వంతున మాత్రమే, అది వదులుకుంది. అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖలో నమోదయ్యే కాంట్రాక్టులో ఇవే అంకెలు ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టమన్నాను. ఆఫరులో ఒకటి, నమోదులో ఒకటి ఉండకూడదని అక్కడి నియమం, అయినా కళ్లతో చూసుకోవడం మన పని. ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్లో దాచమని ఇవ్వొద్దనీ, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా వదలొద్దనీ చెప్పాను.

మార్చి నెలాఖరులో హైదరాబాదు నుంచి విమానం. బయలుదేరే ముందురోజు చక్రకేళీ గెల, సున్నుండల డబ్బా సర్దుతూ అక్క చివరికి నోరు విప్పింది.

"ఇంతకీ వీజాకెంతయ్యిందిరా?"

"ఏమీ అవలేదు. స్కూలే పెట్టుకుంది."

సున్నుండ డబ్బా మూత పెట్టకుండా నా వంక చూసింది. "డబ్బు కట్టకుండా వీజా ఏంటిరా? మోసమేమో సరిగ్గా చూడు."